పట్టూ నేర్పాలి, విడుపూ నేర్పాలి



జుజిట్సు అనగానే మనలో చాలామందికి సినిమా ఫైట్లే గుర్తొస్తాయి. "మావాడు అసలే అల్లరి, కొట్టడం కూడా నేర్పించాలా?" అని కొందరి సందేహం. "మా పాప నెమ్మది, దెబ్బలు తట్టుకుంటుందా?" అని మరికొందరి భయం. నాలుగో తరగతి చదివే మా పాప ఈ క్లాసుకు వెళ్లడం మొదలుపెట్టి ఏడాది దాటింది. నేను చూసినవి, తెలుసుకున్నవి మీతో పంచుకుంటున్నాను.

ముందుగా, ఇందులో గుద్దులు, తన్నులు లేవు. పట్టుకోవడం, పడేయడం, కదలకుండా అదిమి ఉంచడం, తప్పించుకోవడం ఉంటాయి. అంటే మన కుస్తీకి దగ్గరి చుట్టమే. కుస్తీలో వీపు నేలకు ఆనితే ఓడినట్టు. జుజిట్సులో మాత్రం సగం ఆట అక్కడే మొదలవుతుంది. వెల్లకిలా పడుకునే, కాళ్లతో ఎదుటివారిని ఆపడాన్ని 'గార్డ్' అంటారు. తనకంటే బరువైనవారి కింద చిక్కుకున్నా కంగారు పడకుండా ఆలోచించడం పిల్లలకు ఇక్కడే అలవాటవుతుంది.

ఇసుజు, డైకిన్, కోబెల్కో కంపెనీలున్న మన శ్రీ సిటీకి జపాన్ పేర్లు కొత్త కావు. జపనీస్‌లో 'జు' అంటే మెత్తదనం, 'జుట్సు' అంటే విద్య. ఈ పాత విద్య నుంచే జిగోరో కానో అనే ఉపాధ్యాయుడు జూడోను తీర్చిదిద్ది, 1882లో టోక్యోలో కొడోకాన్ స్థాపించారు. అక్కడ నేర్చుకున్న మిత్సుయో మయేదా 1914లో బ్రెజిల్ చేరారు. ఆయన శిష్యుడు కార్లోస్ గ్రేసీ, అతని తమ్ముళ్లు నేలమీది పట్లను పెంపొందించారు. ఇప్పుడు పిల్లలు ఎక్కువగా నేర్చుకుంటున్నది ఆ బ్రెజిలియన్ జుజిట్సునే. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో జుజిట్సుకూ చోటు దక్కింది.

మొదటి వారాల్లో నేర్పేది పడటం. గడ్డం ఛాతీకి ఆనించి, చేత్తో మ్యాట్‌ను చరుస్తూ, తల నేలకు తగలకుండా పడాలి. సైకిల్ మీద నుంచి పడ్డా పనికొచ్చే విద్య ఇది. తర్వాత 'ష్రింప్', అంటే రొయ్య. పక్కకు ఒత్తిగిలి, నడుమును వెనక్కి జరుపుకుంటూ తప్పించుకోవాలి. పులికాట్ రొయ్యలు తెలిసిన మన పిల్లలకు వేరే వివరించాల్సిన పనిలేదు!

అన్నిటికంటే ముఖ్యమైనది 'ట్యాప్'. పట్టు బిగిసినప్పుడు ఎదుటివారి ఒంటిమీద గానీ మ్యాట్ మీద గానీ రెండు మూడుసార్లు తట్టాలి. చెయ్యి ఆడకపోతే నోటితో "ట్యాప్" అనాలి. ఆ క్షణమే అవతలివారు వదిలేయాలి. గెలిచే పట్టైనా సరే, వాదన ఉండదు. 'ఇక చాలు' అని చెప్పడం, ఆ మాట వినగానే ఆగడం, ఈ రెండూ ఒకే రోజు నేర్పుతారు.

మా అత్తమ్మ మొదట్లో ఒప్పుకోలేదు. "ఆడబిడ్డకు కుస్తీలు దేనికి మే?" అన్నారు. మా పాప నొప్పి కలిగినా నోరు విప్పే రకం కాదు. బంధువులు బుగ్గ గిల్లితే కళ్లనీళ్లు పెట్టుకుని నిలబడేది. మొన్న పండక్కి వచ్చిన చిన్నాన్న చక్కిలిగింతలు పెడుతుంటే, అతని చేతిమీద రెండుసార్లు తట్టి "చాలు చిన్నాన్నా" అంది. అతను నవ్వుతూ ఆగాడు. ఆ రాత్రి అత్తమ్మే అడిగారు, మళ్లీ క్లాసు ఎప్పుడని.

మనం మారాల్సింది కూడా కొంత ఉంది. మ్యాట్ పక్కన కూర్చుని "వదలొద్దు! ఓర్చుకో!" అని కేకలు వేస్తుంటాం. అది విని ట్యాప్ చేయడానికి సిగ్గుపడిన పిల్లలకే దెబ్బ తగిలే అవకాశం ఎక్కువ. ట్యాప్ చేయడం పరువు పోవడం కాదు. మరుసటి నిమిషంలో మళ్లీ చేతులు కలిపి ఆడతారు. ఇంట్లోనూ ఆట మధ్యలో పిల్లలు "చాలు" అంటే మనమూ ఆగాలి. లేదంటే క్లాసులో నేర్చుకున్నది గడప దాటి లోపలికి రాదు.

చేర్పించే ముందు ఒక క్లాసు మొత్తం కూర్చుని చూడండి. తల్లిదండ్రులను చూడనివ్వకపోతే ఆ క్లాసు వద్దు. పిల్లలను వయసు, బరువు చూసి జతలు చేస్తున్నారా? మ్యాట్ రోజూ శుభ్రం చేస్తున్నారా? ట్యాప్ తర్వాత వదలని పిల్లవాడిని కోచ్ వెంటనే ఆపుతున్నారా? ఇవి గమనించండి. గోళ్లు కత్తిరించి, ఉతికిన దుస్తులతో పంపండి. తామర లాంటివి ఉంటే తగ్గేదాకా ఇంట్లోనే ఉంచండి.

బెల్టుల కోసం తొందరపెట్టకండి. పిల్లలకు తెలుపు తర్వాత బూడిద, పసుపు, నారింజ, ఆకుపచ్చ రంగులు ఉంటాయి. నీలం 16 ఏళ్ల వయసు నుంచే. బ్లాక్ బెల్టుకు కనీసం 19 ఏళ్లు ఉండాలి. కాబట్టి మీ ఐదో తరగతి అబ్బాయికి ఏడాదిలో బ్లాక్ బెల్ట్ ఇస్తామని ఎవరైనా అంటే, నమస్కారం పెట్టి వచ్చేయండి.

మొదటి క్లాసు నుంచి వచ్చాక "గెలిచావా?" అని అడగకండి. "ఈరోజు ఎన్నిసార్లు ట్యాప్ చేశావు?" అని అడిగి చూడండి. ఎంత చెబుతారో మీకే తెలుస్తుంది.