మెదక్ దారిలో ఒక పిన్నీసు



మా గ్రామ సంఘపు మందిరానికి రేకుల కప్పు. వర్షం వస్తే ప్రసంగ వేదిక పక్కన రెండు బిందెలు పెట్టుకోవాలి. కప్పు మార్చుకుందామని రెండేళ్లుగా సంఘాన్ని అడుగుతూ వచ్చాను. మిరప పంట దెబ్బతిన్నదని కొందరు, పిల్లల ఫీజులు కట్టాలని కొందరు వాయిదా వేశారు. 2025 జనవరిలో ఒక రాత్రి విసుగెత్తి, నన్ను మరో సంఘానికి మార్చమని పెద్దలకు ఉత్తరం రాసి జేబులో పెట్టుకున్నాను. దాన్ని పంపేముందు ఒకసారి మెదక్ మహా దేవాలయం చూసి, అక్కడ ప్రార్థించి రావాలనిపించింది. ఆ మందిర ప్రతిష్ఠ జరిగి అంతకు ముందు నెలలోనే, అంటే 2024 డిసెంబరు 25 నాటికి, నూరేళ్లు నిండాయి.

బయలుదేరుతుంటే మా ఇంటావిడ, "పోయిన ఆదివారం కృతజ్ఞతను గూర్చి చెప్పింది మీరే గదండీ" అన్నది. నేను బదులు చెప్పలేదు.

రాత్రి రైలు రెండు గంటలు ఆలస్యం. సికింద్రాబాదులో దిగి బస్సు కోసం నడుస్తుంటే చెప్పు తెగింది. కాలీడ్చుకుంటూ పోయి నర్సాపూర్ మీదుగా మెదక్ వెళ్లే బస్సెక్కాను. అక్కడికి దాదాపు నూరు కిలోమీటర్లు. నర్సాపూర్ అడవిలోకి రాగానే టైరు పంక్చరైంది. అందరం దిగి నిలబడ్డాం. ఆ అడవిలో కోతులు మెండు. ఒకటి వచ్చి నా చేతిలోని అరటిపండ్ల సంచి లాక్కుపోయింది. చుట్టూ ఉన్నవారు నవ్వారు. నాకు మాత్రం కళ్లనీళ్లు తిరిగినంత పనైంది.

సంఖ్యాకాండము 11వ అధ్యాయం మీద నేను ఎన్నిసార్లు ప్రసంగించానో! దినదినము మన్నా తింటూనే ఐగుప్తు చేపలనూ ఉల్లిపాయలనూ తలచుకొని ఏడ్చిన ప్రజలను ఎంతగా గద్దించానో! ఆ వేళ రోడ్డు పక్కన వారిలో ఒకడినై నిలుచున్నాను.

చెట్టు కింద ఒక వృద్ధురాలు కూర్చుని ఉంది. నా చేతిలోని బైబిలు చూసింది, కాలి చెప్పు చూసింది. "ఇటియ్యుండ్రి అయ్యగారూ" అన్నది. ఆమె చేత నా చెప్పు ముట్టించడానికి నాకు సిగ్గేసింది. వద్దన్నా వినలేదు. కొంగుకున్న పిన్నీసు తీసి, తెగిన పట్టీకి గుచ్చి ఇచ్చింది.

మెదక్ గుడికి పోతున్నానని చెబితే ఆమె ముఖం వికసించింది. "మా తాత ఆ గుడికి రాళ్లు మోసిండు. కరువుల పని దొరికిందని చచ్చేదాక దేవునికి దండం పెట్టిండట. గుడి పెద్దగ లేచిందని కాదు అయ్యగారూ, ఇంట్ల పొయ్యి ఎలిగిందని."

టైరు మార్చి బస్సు కదిలింది గాని, ఆ మాట నన్ను విడిచిపెట్టలేదు.

మెదక్ చేరేసరికి పొద్దు వాలుతోంది. ఆ గోపురం ఎత్తు 175 అడుగులు. మందిరం పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టాను. రంగురంగుల పలకలు పరచిన నేల చల్లగా తగిలింది. బయటి నుండి చూసినప్పుడు ఆ పెద్ద కిటికీలు మసిపట్టినట్టు నల్లగా ఉన్నాయి. లోపల నిలబడి చూస్తే సూర్యకాంతి వాటిగుండా వచ్చి రంగులై వెలిగింది. ప్రభువు జననం ఒక కిటికీలో, సిలువ మరొక దానిలో, ఆరోహణం బలిపీఠం వైపు ఉన్నదానిలో. చీకటి పడితే ఈ బొమ్మలు కనిపించవు. అరగంట వెలుగు మిగిలి ఉన్నందుకు, ఆ రోజులో మొదటిసారి, దేవుని స్తుతించాను.

ఈ మందిరాన్ని కట్టించినది వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు. కరువులో ప్రజలు ఆకలితో అలమటిస్తుంటే, పని ఇచ్చి తిండి పెట్టే మార్గంగా 1914లో ఈ కట్టడం మొదలుపెట్టారు. పూర్తి కావడానికి పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లలో ఎవరూ సణగలేదని నేను అనను. మండుటెండలో రాయి మోసేవాడికి విసుగు రాదా? అయినా సాయంత్రం పొయ్యి వెలిగినందుకు వారిలో ఒకడైనా దండం పెట్టాడు. అతని మనుమరాలి పిన్నీసుతోనే నేను ఆ వాకిట వరకు నడిచి వచ్చాను.

బల్ల మీద కూర్చుని మా సంఘాన్ని తలచుకున్నాను. పంట పోయిన ఏడు కూడా ఆదివారం కానుక పెట్టెలో పది రూపాయలు వేసిన చేతులను తలచుకున్నాను. ప్రార్థన కూటానికి వచ్చే తల్లులు నా ఇంటికి తెచ్చిన పప్పూ కందులూ జ్ఞాపకం వచ్చాయి. రెండేళ్లుగా నేను వారిని కప్పు కోసం అడిగానే గాని, ఇచ్చిన దానికి ఒక్కసారైనా కృతజ్ఞత చెప్పలేదు. నా కంటికి కారే రేకులే కనిపించాయి. వాటి కింద తడుస్తూ కూడా ఆరాధనకు వచ్చే జనం కనిపించలేదు.

జేబులోని ఉత్తరం అక్కడే చింపాను.

తరువాతి ఆదివారం ప్రసంగం పక్కనపెట్టి, సంఘంలో ఒక్కొక్కరిని పేరుపేరునా పిలిచి వందనాలు చెప్పాను. ఒక పెద్దాయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. రేకులు మాత్రం వెంటనే మారలేదు. ఆ వర్షాకాలంలోనూ బిందెలు పెట్టుకున్నాం. నీటిచుక్కల చప్పుడు మధ్యనే స్తుతిగీతం పాడుకున్నాం.

ప్రియ పాఠకులారా, కృతజ్ఞత గలవానికి చెప్పు తెగదని, బస్సు ఆగదని వాక్యం ఎక్కడా చెప్పదు. పంట పోయినవానితో నవ్వమని కూడా నేను చెప్పను. కాని ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఒక పని చేయండి. ఈ దినమున మిమ్మల్ని విసిగించిన సంగతి ఒకటి, మీకు సాయపడిన చెయ్యి ఒకటి, ఇంట్లో ప్రతివారూ చెప్పండి. రెండూ దేవుని ముందు పెట్టండి. ఆ చేతిని మీ దగ్గరకు పంపినవాడు ఆయనే.

ఆ పిన్నీసు ఇంకా నా బైబిలు అట్టకు గుచ్చి ఉంది. దేవునికే మహిమ కలుగును గాక.