పొద్దున వెతికే మందు

తల పగిలిపోతున్న పొద్దున తాగినవాడికి ముందుగా కావలసింది ముద్దాయి. ఐసు ఏ నీళ్లతో చేశారో అంటాడు. సోడా పాతదంటాడు. బ్రాండు నకిలీది అయ్యుంటుందంటాడు. చికెన్ 65 వేయించిన నూనె బాగాలేదంటాడు. మధ్యలో ఎవడో బీరు పోశాడని, అక్కడే తేడా కొట్టిందని తేల్చేస్తాడు. ఇవన్నీ నేను చెప్పినవే. గ్లాసులోకి ఎంత పడిందన్న సంగతి మాత్రం ఆ విచారణలో ఎప్పుడూ రాలేదు.

నాది రోజువారీ తాగుడు కాదు. నెలకో, రెండు నెలలకో ఓ సిట్టింగు, పెళ్లిళ్ల సీజన్‌లో ఇంకాస్త. అందుకే నాకు తాగుడు సమస్యేమీ లేదనుకున్నాను. ఉన్నదల్లా మర్నాటి హ్యాంగోవర్, దానికి మంచి చిట్కా దొరికితే చాలు. ఆ చిట్కా కోసం ఏళ్ల తరబడి తెలిసినవాణ్నల్లా అడిగాను. ఉప్పేసిన మజ్జిగ అన్నాడొకడు, మిరియాల చారు అన్నాడొకడు, పొద్దున్నే పాయా తాగమన్నాడు పాతబస్తీ మిత్రుడు. అన్నీ చేశాను. ఒక్కోటి ఒక్కోసారి పనిచేసినట్టే అనిపించింది. తక్కువ తాగిన మర్నాడు ఏం తాగినా పనిచేస్తుందని అప్పట్లో తట్టలేదు.

లెక్క సీసా మీదే ఉంటుంది. మన వైన్స్‌లో దొరికే విస్కీ, బ్రాందీ, రమ్ము సీసాలు తిప్పి చూస్తే ఎక్కువవాటి మీద 42.8 శాతం అని కనిపిస్తుంది. లార్జ్ పెగ్గు 60 మిల్లీలీటర్లు. అందులో అసలు ఆల్కహాలు దాదాపు 20 గ్రాములు. క్వార్టర్ 180 మిల్లీలీటర్లు, అంటే దాదాపు 60 గ్రాములు. సగటు మనిషి కాలేయం గంటకు 7 నుంచి 10 గ్రాముల దాకా ఖర్చు చేయగలదు. క్వార్టర్ పూర్తిగా దిగడానికి ఆరు గంటల నుంచి ఎనిమిదిన్నర గంటలు పడుతుందన్నమాట. కాఫీ తాగినా, నెత్తిన చన్నీళ్లు గుమ్మరించుకున్నా ఆ వేగం పెరగదు. కాఫీ పడితే తాగినవాడికి నిద్రమత్తు తగ్గుతుంది, తాగిన మత్తు అలాగే ఉంటుంది.

కాలేయం ఆల్కహాలును ముందు అసిటాల్డిహైడ్‌గా, తర్వాత అసిటేట్‌గా మారుస్తుంది. మధ్యలో వచ్చే ఆ అసిటాల్డిహైడ్ విషపదార్థం. దానికి తోడు ఒంట్లో నీరు మూత్రంగా పోవడం, కడుపులో పొర రేగడం, నిద్ర చెడడం, ఒళ్లంతా వాపు గుణం రావడం అన్నీ కలిసి హ్యాంగోవర్ అవుతాయి. విచిత్రమేమిటంటే రక్తంలో ఆల్కహాలు సున్నాకు దగ్గరపడేసరికే తలనొప్పి, వికారం ముదురుతాయి. అందుకే రాత్రి రెండింటికి పాటలు పాడినవాడు పొద్దున పదింటికి గోడ పట్టుకుని నడుస్తాడు.

ఇక బీరు. ‘బీరే కదా’ అన్న మాట నన్ను ముంచినంతగా ఏ విస్కీ ముంచలేదు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు 8 శాతం దాకా ఉండొచ్చు. అలాంటి సీసాలో ఆల్కహాలు 40 గ్రాములు. రెండు లార్జులతో సమానం. ఎండాకాలం మధ్యాహ్నం రెండు స్ట్రాంగులు లాగించి, సాయంత్రం ‘ఈరోజు ఇంకా మొదలుపెట్టలేదు’ అంటూ గ్లాసు పట్టుకున్న రోజులు నాకున్నాయి. అప్పటికే క్వార్టర్ కంటే ఎక్కువ లోపల ఉంది.

మన సిట్టింగు తీరు కూడా హ్యాంగోవర్‌కి అనువుగా కుదిరినట్టే ఉంటుంది. తిండి చివర్లో వస్తుంది. ముందు పల్లీల్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి తరిగి, నిమ్మకాయ పిండి, పైన ఇంత ఉప్పు కారం చల్లిన ప్లేటు వస్తుంది. ఆ కారానికి, ఉప్పుకి దాహమేసి ఇంకో గుక్క పడుతుంది. బిర్యానీ పన్నెండు దాటాక వస్తుంది, అప్పటికి దాన్ని సగంమంది కెలికి వదిలేస్తారు. ముందే తినమంటే ‘తింటే కిక్కు ఎక్కదురా’ అంటారు. ఆ మాట అక్షరాలా నిజం. ఆల్కహాలు ఎక్కువగా రక్తంలోకి చేరేది చిన్నపేగు దగ్గర. కడుపులో అన్నం ఉంటే ఆల్కహాలు కిందికి మెల్లగా జారుతుంది, రక్తంలో ఒక్కసారిగా పెరగదు. కాళ్లూ చేతులూ మన మాట వినేది అందువల్లే. నేను మాత్రం ఆఫీసు నుంచి నేరుగా, మధ్యాహ్నం డబ్బా తప్ప ఏమీ పడని కడుపుతో వెళ్లేవాణ్ని. ఖాళీ కడుపున మొదటి పెగ్గు ఎంత బాగుంటుందో నాకు తెలుసు, కాబట్టి ఈ అలవాటు మానడం అన్నిటికంటే కష్టమైంది.

రెండోది, కలిపేవాడు. ప్రతి బ్యాచ్‌లో ఒకడుంటాడు, సీసా వాడి చేతిలోనే ఉంటుంది. గ్లాసు సగానికి రాగానే నింపేస్తాడు. అడగకముందే పోయడం మర్యాద, వద్దనడం బెట్టు. బార్‌లో అయితే కొలత ఉంటుంది, ఇంట్లో డాబా మీద కూర్చుంటే కంటి కొలతే. ఆ కంటి కొలత రాత్రి ఎనిమిదికి అరవై, పదింటికి తొంభై. సగం గ్లాసులో మళ్లీ పోస్తుంటే మూడో పెగ్గు ఎక్కడ అయిపోయి నాలుగోది ఎక్కడ మొదలైందో తాగేవాడికే తెలియదు. ‘నేను మూడే వేశాను’ అని మా ఆవిడతో చెప్పినప్పుడల్లా నేను అబద్ధమాడుతున్నానని నాకు తెలియదు.

మద్యం రంగును బట్టి తేడా ఉందా అంటే కొంత ఉంది. అమెరికాలో 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో బోర్బన్ విస్కీ తాగినవాళ్లకు వోడ్కా తాగినవాళ్లకంటే హ్యాంగోవర్ ఎక్కువగా వచ్చింది. ముదురు రంగు మద్యాల్లో పులిసేటప్పుడూ, పీపాల్లో మాగేటప్పుడూ చేరే ఇతర పదార్థాలు ఎక్కువ. అది చదివి నేను వోడ్కాకి మారాను కూడా. ఆ అధ్యయనంలోనే ఇంకో సంగతి ఉంది, అప్పుడు దాన్ని చూసీచూడనట్టు దాటేశాను: మర్నాడు చురుకుదనం పరీక్షల్లో రెండు జట్లూ ఒకేలా వెనకబడ్డాయి.

రాత్రి పడుకునే ముందు నేను కనిపెట్టిన గొప్ప ఉపాయం ఒకటుండేది. పారాసిటమాల్ 650 ఒకటి, ఒక్కోసారి రెండు, ముందే వేసేసుకుని పడుకోవడం. తలనొప్పి వచ్చేలోపే మందు సిద్ధంగా ఉంటుందని నా లాజిక్కు. ఓసారి సంక్రాంతికి ఊళ్లో ఉన్నప్పుడు ఇది మా వదినతో గొప్పగా చెప్పాను. ఆవిడ గవర్నమెంటు ఆసుపత్రిలో డాక్టరు.

“ఎవరు చెప్పారు నీకిది?” అంది, కూరగాయల కత్తి పక్కన పెట్టి.

“ఎవరూ చెప్పలేదు వదినా, నేనే.”

“ఆల్కహాలుతో సతమతమవుతున్న లివర్‌కే దీన్నీ అప్పగిస్తున్నావు. పారాసిటమాల్ విరిగేటప్పుడు కొంచెం విషం పుడుతుంది, దాన్ని తుడిచిపెట్టే సరుకు లివర్‌లో ఉంటుంది. బాగా తాగేవాళ్లకి ఆ సరుకు తక్కువగా ఉంటుంది. ఏదో ఒక రోజు ఒక మాత్రతో ఏమీ కాదులే. అలవాటు చేసుకుని, డోసు పెంచుకుంటూ పోతే మాత్రం నా దగ్గరికే తీసుకొస్తారు నిన్ను.”

“అయితే ఇంకో నొప్పిబిళ్ల వేసుకుంటా, ఐబూప్రొఫెన్.”

“కడుపు మండిపోతోందని రేపు మళ్లీ నన్నే అడుగుతావు. ముందు ఆ బెండకాయలు ఇటివ్వు.”

అలా ముగిసింది నా ఉపాయం.

నిద్ర సంగతి కూడా ఆవిడే చెప్పింది. తాగి పడుకుంటే మొద్దునిద్ర పడుతుందని అందరం అనుకుంటాం. పడుతుంది, మొదటి సగం. కలలొచ్చే దశ అప్పుడు తగ్గిపోతుంది. మత్తు దిగేకొద్దీ రెండో సగంలో నిద్ర ముక్కలవుతుంది. తెల్లవారుజామున మూడింటికి గుండె దడదడలాడుతూ, నాలుక పిడచకట్టుకుపోయి మెలకువ వచ్చేది అందుకే. నేనది గ్యాస్ అనుకుని జెలుసిల్ తాగేవాణ్ని.

ఇవన్నీ నా ఒంటికి నేను చేసుకున్నవి. తణుకులో మా పిన్ని కూతురి పెళ్లినాడు చేసింది వేరు. ముందురోజు రాత్రి లాడ్జి గదిలో తొమ్మిదిన్నరకు కూర్చున్నాం, రెండింటికి లేచాం. ఐదు లార్జులకు తక్కువ ఉండవు. పొద్దున ఏడింటికి స్టేషన్‌లో మా పెదనాన్నని ఎక్కించుకుని రావాలి. లేచాను, స్నానం చేశాను, ఫిల్టర్ కాఫీ తాగాను. తలనొప్పి ఉంది గానీ మత్తు లేదనే అనుకున్నాను. ‘దిగిపోయింది’ అని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకుని కారు తీశాను. వెనక్కి వచ్చేటప్పుడు మార్కెట్ మలుపులో పాల క్యాన్లు కట్టుకున్న మోపెడ్ కనిపించలేదు. కనిపించకపోవడం ఏమిటి, ఎదురుగానే ఉంది. బ్రేకు మీద కాలు వెళ్లడం ఆలస్యమైంది. మనిషి పక్కకి దూకాడు, దెబ్బ తగల్లేదు. ఒక క్యాను దొర్లి రోడ్డంతా పాలు. నేను దిగి క్షమించమంటుంటే అతను ముఖం కాస్త వెనక్కి తీసుకుని, “రాత్రిది ఇంకా దిగలేదాండీ?” అన్నాడు. మా పెదనాన్న కారు అద్దం దించుకుని అంతా వింటున్నాడు. పాల డబ్బులు నాకంటే ముందు ఆయనే తీసిచ్చాడు. తర్వాత డ్రైవింగ్ సీటు దగ్గరికొచ్చి, “నువ్వటు కూర్చోరా” అన్నాడు. డెబ్బై దాటిన మనిషి, కళ్యాణ మంటపం దాకా ఆయనే నడిపాడు.

తర్వాత కూర్చుని లెక్క వేశాను. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల జరిమానా, లేదా రెండూ. 70 కిలోల మగమనిషి రాత్రి తొమ్మిదిన్నరకు మొదలుపెట్టి ఐదు లార్జులు తాగితే పొద్దున తొమ్మిదింటికి కూడా ఆ గీత దగ్గరే ఉంటాడు. ఏడింటికైతే చెప్పనక్కర్లేదు. డ్రంక్ అండ్ డ్రైవ్ అంటే రాత్రి జూబ్లీహిల్స్‌లో ఊదించే గొట్టమని మనకు బాగా నాటుకుపోయింది. పొద్దున్నే పిల్లల్ని స్కూల్లో దించడానికి బండి తీసేవాణ్ని ఎవరూ అనుమానించరు, వాడు తనను తాను అసలే అనుమానించడు.

చిట్కాల మాట అలా వదిలేస్తే బాగుండదు. 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక సమీక్ష అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను పరిశీలించి, హ్యాంగోవర్‌ను ఆపేదీ నయం చేసేదీ అని నమ్మకంగా చెప్పదగ్గది ఏదీ లేదని తేల్చింది. అంతమాత్రాన మజ్జిగ దండగ అనను. పోయిన నీరు, ఉప్పు తిరిగొస్తాయి, కడుపు చల్లబడుతుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం దాని మీద రాసినన్ని నీళ్లలో కలిపి మెల్లగా తాగితే ఇంకా నయం. కొబ్బరినీళ్లు, రాగి అంబలి, మెత్తటి పెరుగన్నం, ఏది లోపల నిలిస్తే అది. పొద్దున్నే నూనె తేలే పాయా నాకైతే వాంతిలోనే ముగిసేది. ఇవన్నీ బాధను కాస్త ఓర్చుకునేలా చేస్తాయి, గడియారాన్ని తోయవు.

ఒక్క చిట్కా మాత్రం పొద్దున నిజంగానే పనిచేస్తుంది. ‘పొద్దున ఒక తొంభై వేస్తే సెట్ అయిపోతుంది’ అంటారే, అది. కొత్త ఆల్కహాలు పడగానే బాధ వాయిదా పడుతుంది, సాయంత్రానికి వడ్డీతో వస్తుంది. పనిచేస్తుంది కాబట్టే అది ప్రమాదం. తాగుడు వ్యసనంగా మారిందా అని తెలుసుకోవడానికి డాక్టర్లు అడిగే నాలుగు ప్రశ్నలున్నాయి: తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా, ఎవరైనా తప్పుపడితే చిరాకేసిందా, తప్పు చేస్తున్నట్టనిపించిందా, పొద్దున లేవగానే తాగాల్సి వచ్చిందా. వాటిలో రెంటికి అవునంటే కూర్చుని మాట్లాడాల్సిందే. మొదటి మూడింటికి ‘అవును’ అనడానికి నేను పెద్దగా ఆలోచించలేదు. దాంతో సిట్టింగులు సగానికి పడ్డాయి.

పొద్దుటి సంగతి అటుంచితే, రాత్రే ఔట్ అయిపోయినవాణ్ని మంచం మీద వెల్లకిలా పడేసి తలుపు వేసి వచ్చేయడం మనవాళ్లకు అలవాటు. వాంతి అయితే గొంతులో అడ్డుపడి ప్రాణం పోవచ్చు. పక్కకి ఒత్తిగిలేలా పడుకోబెట్టి, ఒకరు దగ్గరుండాలి. గట్టిగా కదిపినా లేవకపోతే, ఊపిరి మరీ మెల్లగా, ఆగి ఆగి వస్తుంటే, పెదాలు నీలంగా మారితే 108కి ఫోన్ చేయాలి. షుగరు ఉండి ఇన్సులిన్ గానీ కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్లతో ఇంకా జాగ్రత్త. ఏమీ తినకుండా తాగితే షుగరు బాగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తడబడే మాట చూసి ‘వీడికి ఎక్కిందిరా’ అని నవ్వుతాం. మా బ్యాచ్‌లో ఒకడికి అలాగే అయింది. గ్లూకోమీటర్ వాడి సంచిలోనే ఉన్నా చాలాసేపటిదాకా ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు సిట్టింగు ఉన్న రోజు ఇంట్లో పప్పన్నం తిని బయల్దేరతాను. కలిపేవాడికి దూరంగా కూర్చుని నా గ్లాసు నేనే కలుపుకుంటాను, 60 మిల్లీలీటర్ల కొలతతో. అది ఖాళీ అయ్యేదాకా అరచేయి మూతలా పెట్టుకుంటాను. పెగ్గుకీ పెగ్గుకీ మధ్య పెద్ద గ్లాసు మంచినీళ్లు. రెండింటితో ఆపితే మర్నాడు మామూలుగానే లేస్తున్నాను. “ఏంట్రా మామా, డాక్టరు చీటీ రాసిచ్చాడా?” అని వెక్కిరిస్తారు, వెక్కిరించనీ. అయినా రెండు దాటిపోయే రాత్రులు లేకపోలేదు. అలాంటప్పుడు మర్నాడు మధ్యాహ్నం దాటేదాకా బండి తాళం ముట్టుకోను, ఆఫీసుకి సెలవు పెట్టేస్తాను. సెలవు చీటీలో జ్వరమని రాయడం మాత్రం ఇంకా మానలేదు.