జోడెద్దుల బండి

కంప్యూటర్ల మీద బతుకుతున్న మనవాళ్ళలో పెట్టె మూత తీసి లోపలికి తొంగి చూసినవాళ్ళెందరు? 1997 వేసవి దాకా నేనూ చూడలేదు. ఆఫీసులో మెయిన్‌ఫ్రేమ్ మీద కోబాల్ రాసుకోవడం, ఇంటికొచ్చి పెంటియం పెట్టె మీద పిల్లలాడే ఆటలు చూడటం, అంతవరకే నా పాండిత్యం. పక్కింటి అమెరికా దంపతులు మాత్రం నన్ను పెద్ద కంప్యూటర్ ఇంజనీరని నమ్మేవారు. నేనూ కాదనలేదు.

ఆ ఏడాది నాన్న ఎడిసన్‌లోని మా ఇంటికి వచ్చారు. పెట్టెలో పచ్చళ్ళ సీసాల మధ్య, రెండు పంచెల మడతల్లో దాచి తెచ్చింది ఒక్కటే ఫొటో. అమ్మానాన్నల పెళ్ళి ఫొటో. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో మా ఇంట్లో ఫొటోలన్నీ పోతే, ట్రంకుపెట్టె అడుగున అంటుకుపోయి ఇదొక్కటే మిగిలింది. అప్పటికి అమ్మ పోయి మూడేళ్ళు. "ఒరే అబ్బాయ్, దీనికో నకలు తీసి ఇవ్వు. అసలుది మాత్రం నా వెంట తిరిగి రావాలి. మీ అమ్మ ఎప్పుడన్నా ఊళ్ళో లేకుండా ఉందా?" అన్నారు.

ఒక మిత్రుడి దగ్గర స్కానర్ అరువు తెచ్చాను. నలుపు తెలుపుల్లో తీస్తే ఏది మరకో, ఏది మనిషో తెలియడం లేదు. రంగుల్లో తీద్దామంటే పది అంగుళాలకు ఎనిమిది అంగుళాల ఫొటో, అంగుళానికి 300 చుక్కల చొప్పున 72 లక్షల చుక్కలు. ఒక్కో చుక్కకు మూడు బైట్లు. అంటే రెండు కోట్ల పైచిలుకు. మా పెట్టెలో ఉన్న మెమరీ 8 మెగాబైట్లు! అందులోనే విండోస్ 95 కూడా కాపురం ఉండాలి. హార్డ్ డిస్కు గంటసేపు గుడగుడలాడి చేతులెత్తేసింది. నాన్న ప్రయాణం ఇంకా పద్ధెనిమిది రోజులుంది.

మర్నాడే షాపుకెళ్ళి 16 మెగాబైట్ల పలక ఒకటి కొన్నాను. "అన్నిటికీ ఇదే సరిపోతుంది" అన్నాడతను. బిగించి స్విచ్చి వేస్తే తెర మీద అదే 8. పలక ఖాళీగా కూర్చుంది. అప్పుడు, ప్లాస్టిక్ సంచీ కూడా విప్పని మదర్‌బోర్డు మాన్యువల్ బయటికి తీశాను. ఆ రోజుల్లో 72 పిన్నుల పలకలుండేవి, సిమ్ములనేవారు. ఒక్కో పలక ఒక్కసారికి 32 బిట్లు అందిస్తుంది. పెంటియం 64 కావాలంటుంది. అందుకని రెండేసి చొప్పున వెయ్యాలి, ఒంటి పలక పనికిరాదు. ఇది నాన్నకు చెప్పబోతే సగంలోనే అందుకున్నారు. "జోడెద్దుల బండికి ఒక్క ఎద్దును కట్టావన్నమాట."

ఇంకో షాపులో రెండో 16 కొన్నాను. ఈసారి తెర 40 లెక్కపెట్టింది. ఇంట్లో అందరం చప్పట్లు కొట్టాం. స్కానర్ దీపం ఫొటో మీద నడిచి నడిచి, అమ్మ మెడ దాకా వచ్చేసరికి తెర నీలంగా మారి బిగుసుకుపోయింది. మళ్ళీ తీశాం, మళ్ళీ అంతే. ఓసారి మెడ దగ్గర, ఓసారి నుదుటి దగ్గర. నాన్న కూర్చున్న కుర్చీలోంచి లేవలేదు.

ఆ రాత్రి ఆయనే రెండు పలకలనూ బల్ల మీద పెట్టుకుని, పంచాంగం చూసే భూతద్దంతో చిప్పుల మీది అక్షరాలు చదివారు. "ఒరేయ్, దీని చివర 6 ఉంది, దాని చివర 7 ఉంది. ఏవిట్రా అది?" ఒకటి 60 నానోసెకన్లది, ఒకటి 70ది. అంతేకాదు, ఒకటి ఈడీఓ రకం, రెండోది పాత రకం. సైజు ఒకటే గాని నడక వేరు. జతలో రెండూ ఒక్కలాగే ఉండాలని మాన్యువల్ రెండో పేజీలోనే ఉంది. చదివిన పేజీ పక్క పేజీ!

ఆదివారం ఒక కంప్యూటర్ సంతకు వెళ్ళాం. బల్లల మీద గుట్టలుగా పోసి అమ్మే సంతలు న్యూజెర్సీలో అప్పట్లో తరచూ జరిగేవి. మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. ఈసారి పాత పలకలనూ, మాన్యువల్‌నూ చేతపట్టుకుని వెళ్ళాను. అది నాన్న పెట్టిన షరతు, "ఊళ్ళో నట్టు కొనడానికైనా పాత నట్టు పట్టుకెళతాం కదరా" అని. బల్ల వెనక కుర్రాడు చూపించిన ప్రతి జతనూ భూతద్దంతో చూసి ఆయన పక్కన పెట్టేశారు. ఒక జతకు అంకెలు కుదిరాయి గాని దాని పిన్నులకు బంగారు పూత. మా స్లాట్లకేమో తగరం. ఆ రెండు లోహాలూ రాసుకుంటూ ఉంటే కొన్నాళ్ళకు అంటు పాడవుతుందని మాన్యువల్ హెచ్చరిక. "ఈ వియ్యం మనకొద్దు" అన్నారు నాన్న. ఆ కుర్రాడు విసుక్కోలేదు. "మీ నాన్నగారు ఈ లైన్లోనే ఉన్నారా?" అని అడిగాడు. నలభయ్యేళ్ళుగా ఉన్నారన్నాను. ఎడ్ల సంతలో పళ్ళు చూసి జత కట్టడమని వివరించలేదు.

ఆ జత కుదిరింది. ఫొటో పూర్తిగా వచ్చింది. అమ్మ చెంప మీద మరక తుడవడానికి మూడు రాత్రులు పట్టింది. అడుగున అడ్డంగా ఉన్న బురదనీళ్ళ గీతను కూడా చెరపబోతే నాన్న నా చెయ్యి పట్టుకున్నారు. "అది ఉండనీ." ఉండనిచ్చాను. అసలు ఫొటో మళ్ళీ పంచెల మడతల్లోకి వెళ్ళింది.

2024లో మా అమ్మాయి ఫోన్ చేసింది. డెస్క్‌టాప్‌కు మెమరీ పెంచుదామని కొత్త పలక కొందట. "స్లాట్లో పట్టట్లేదు నాన్నా, గట్టిగా నొక్కనా?" వద్దు తల్లీ, నొక్కకు అన్నాను. దాని పెట్టె డీడీఆర్4ది, కొన్నది డీడీఆర్5. రెండిటికీ 288 పిన్నులే గాని, మధ్యలో గంటు ఉండే చోటు వేరు. తయారు చేసినవాళ్ళు తెలిసే అలా పెట్టారు. వెనక్కిచ్చేసి, ఒంటి పలక కాకుండా ఒకే పెట్టెలో జతగా అమ్మేది తెచ్చుకోమన్నాను. ఒకటి వేస్తే నడవదా అంది. ఇప్పుడు నడుస్తుంది, కాకపోతే రెండు దారులున్నచోట ఒక్క దారినే నడుస్తుందన్నాను.

సాయంత్రానికి కొత్త జత ఫొటో తీసి పంపింది. కళ్ళజోడు పెట్టుకుని, పెద్దది చేసుకుని, రెండిటి చివరి అంకెలూ రెండుసార్లు చదివాకే సరేనన్నాను.