బుడాపెస్ట్‌లో రోడ్డు కింది రైలు

బుడాపెస్ట్‌లో తిరగడానికి ఏం ఎక్కాలి అని అడిగేవాళ్లకి నాది ఒకటే మాట. ముందు ఎమ్1 మెట్రో ఎక్కండి.

1896లో మొదలైన లైను ఇది. లండన్‌ని పక్కనపెడితే యూరప్‌లో ఇంత పాత భూగర్భ మెట్రో ఇంకోటి లేదు. ఆ ఏడాది హంగేరీ వాళ్లు తమ దేశానికి వెయ్యేళ్లు నిండాయని సంబరాలు చేసుకున్నారు. దర్జాగా కట్టుకున్న ఆంద్రాషి వీధి మీద ట్రాములు తిరిగితే అందం పాడవుతుందని, రోడ్డు కిందే దారి వేసేశారు. భూగర్భం అంటే పాతాళం అనుకునేరు! కాసిని మెట్లు దిగితే ప్లాట్‌ఫామ్ వచ్చేస్తుంది. తెల్ల పలకల గోడలు, ఇనుప స్తంభాలు, బొమ్మరైల్లాంటి పసుపు పెట్టెలు. ఒక తిరకాసు ఉంది. అటు వెళ్లే రైలుకీ ఇటు వచ్చే రైలుకీ రోడ్డుకి చెరో పక్కన వేరే మెట్లు. దిగేముందే బోర్డు చూసుకోవాలి.

అసలు పాతాళం చూడాలంటే ఎమ్2 ఎక్కండి. ఆ ఎస్కలేటర్లు మన మాల్స్‌లో వాటికంటే జోరుగా పోతాయి, పెద్దవాళ్లు చెయ్యి పట్టుకునే ఎక్కాలి.

కాగితం టికెట్ కొంటే మిషన్‌లో ముద్ర వేయించడం మర్చిపోవద్దు, తనిఖీవాళ్లు మొహమాటపడరు. ఈ గోలెందుకు, 24 గంటల పాస్ తీసుకుంటే హాయి.

సాయంత్రం మాత్రం 2వ నంబర్ ట్రాము. పార్లమెంటు పక్కనుంచి డాన్యూబ్ ఒడ్డునే పోతుంది. అవతలి గట్టున కోట, దీపాలు. మార్కెట్ హాల్ వైపు వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి. డబ్బు పోసి పడవ ఎక్కేది ఆ తర్వాత ఆలోచించొచ్చు.