ఇంజన్ వెనకే ఎందుకుండాలి?

పోర్షే 911 తర్వాతి మోడల్ ఎలా ఉంటుంది? మా మెకానికల్ బ్రాంచిలో ఈ ప్రశ్నకి ఒక్కొక్కరి దగ్గర ఒక్కో బొమ్మ ఉంది. ఒకడు నోట్సు చివరి పేజీలో హెడ్‌లైట్లు సన్నగా గీస్తాడు. ఇంకొకడు డోర్ హ్యాండిల్సే తీసేస్తాడు. క్యాడ్ ల్యాబ్‌లో అసైన్‌మెంట్ పక్కన పెట్టి వెనక రెక్క మోడల్ చేసినవాళ్ళూ ఉన్నారు. ఆ కారు కొనే యోగం మాలో ఎవరికీ దగ్గర్లో లేదు. కానీ బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్ ఉన్న ఊళ్ళో ఉంటూ ఆ కారుని చూడకుండా పెరగడం కష్టం. 2024లో హీరో నాగచైతన్య 911 జీటీ3 ఆర్ఎస్ కొన్నప్పుడు, మా క్లాసు వాట్సాప్ గ్రూపులో మిడ్ పరీక్షల టైంటేబుల్ కన్నా ఆ ఫోటోకే ఎక్కువ రిప్లైలు వచ్చాయి.

నాకు మాత్రం లైట్ల గురించీ రెక్కల గురించీ పెద్ద పట్టింపు లేదు. ఆ కారులో ఇంజన్ వెనక ఇరుసుకి కూడా వెనక వేలాడుతూ ఉంటుంది. రేపు అసలు ఇంజనే లేకపోతే, దాన్ని 911 అని ఎందుకు పిలవాలి? నా ప్రశ్న అదీ.

1963లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో ఈ కారుని మొదట చూపించినప్పుడు దాని పేరు 901. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్ల మీద ఫ్రాన్సులో తమకే హక్కుందని ప్యూజో కంపెనీ అభ్యంతరం చెప్పడంతో 911 అయింది. గీసినవాడు ఫెర్డినాండ్ అలెగ్జాండర్ పోర్షే. రెండు లీటర్ల ఇంజన్, ఆరు సిలిండర్లు, అటు మూడు ఇటు మూడు పడుకోబెట్టినట్టు ఉంటాయి. చల్లబరచడానికి నీళ్ళు కాదు, గాలి.

ఆ ఇంజన్ అక్కడ ఉండటం వల్ల లాభం ఉంది, నష్టమూ ఉంది. బరువు తిరిగే చక్రాల మీదే పడుతుంది కాబట్టి కదిలేటప్పుడు పట్టు బాగుంటుంది. మలుపులో భయపడి ఠక్కున యాక్సిలరేటర్ వదిలితే మాత్రం బరువు ముందుకి జరిగి, వెనక చక్రాలు పట్టు జారి, బరువైన తోక బయటికి విసురుకుంటుంది. పిడి పట్టుకుని సుత్తి తిప్పితే తల ఎటు లాగుతుందో చూడండి, అదే సంగతి. కొత్తగా డిజైన్ చేసే ఏ ఇంజనీరైనా ఇంజన్‌ని అక్కడ పెట్టడు. వైవాలో నేనలా పెడితే మా సార్ ఊరుకోరు.

కంపెనీకి కూడా ఇది తెలుసు. 1977లో 928 అని ముందు వైపు వీ8 ఇంజన్‌తో, నీళ్ళతో చల్లబడే కారు తెచ్చింది, మెల్లగా 911ని ఆపేద్దామనే. ఆ కారుకి మరుసటి ఏడు యూరప్‌లో కార్ ఆఫ్ ది ఇయర్ కూడా వచ్చింది. 1981లో పీటర్ షుట్జ్ అనే కొత్త బాస్ వచ్చాడు. ఒక ఇంజనీర్ గదిలో గోడ మీద చార్టు చూశాడట. మిగతా కార్ల గీతలు ముందుకి సాగుతున్నాయి, 911 గీత ఆ ఏడాదితోనే ఆగిపోయింది. ఆయన మార్కర్ తీసుకుని ఆ గీతని చార్టు దాటించి గోడ మీదికి లాగేశాడని చెప్తారు. 928 చివరికి 1995లో ఆగిపోయింది. 911 ఆగలేదు. 2017లో పది లక్షలో కారు బయటికొచ్చింది.

అంటే ఏమీ మార్చలేదని కాదు. 1997లో 996 మోడల్‌తో గాలి పోయి నీళ్ళొచ్చాయి. పొగ, చప్పుడు నిబంధనలు బిగిశాక గాలితో నెట్టుకురావడం కుదరలేదు. అభిమానులు నీళ్ళ కన్నా ఎక్కువ హెడ్‌లైట్లనే తిట్టారు, వేయించిన గుడ్డులా ఉన్నాయని. 2004లో గుండ్రటి లైట్లు తిరిగొచ్చాయి. నీళ్ళు మాత్రం పోలేదు, ఇవాళ వాటిని ఎవరూ తిట్టరు కూడా. 2024లో హైబ్రిడ్ వచ్చింది. 3.6 లీటర్ల ఇంజన్, టర్బోలో ఒక ఎలక్ట్రిక్ మోటార్, గేర్‌బాక్సులో ఇంకొకటి, 1.9 కిలోవాట్ అవర్ల చిన్న బ్యాటరీ. ఇంజన్ ముందున్న బెల్టు తీసేస్తే ఎత్తు తగ్గింది, మిగిలిన చోట్లో ఎలక్ట్రానిక్స్ సర్దేశారు. ఇంజన్ మాత్రం అక్కడే, వెనకే.

ఈ ముచ్చటంతా ఒకరోజు మా నాయినతో చెప్పాను. ఆయనకి చింతల్ బస్తీలో చిన్న మెకానిక్ షెడ్డు ఉంది. పోర్షే ఎప్పుడూ అటు రాలేదు. వచ్చేవన్నీ స్కూటర్లు, బైకులు, ఆటోలు. అంతా విని, "ఇంజన్ ఎనకాల పెట్టిన్రా? మన ఆటో లెక్కనే అన్నట్టు. గుట్ట ఎక్కేటప్పుడు మంచిగనే ఉంటది. మలుపు కాడనే చూస్కోవాలె" అన్నాడు. మా వెహికల్ డైనమిక్స్ పుస్తకంలో ఒక చాప్టర్ అది. ఆయన ఆ పుస్తకం చూడలేదు. బంజారా హిల్స్ ఎత్తుల మీద జనం నిండిన ఆటోలు ఎక్కడం చూశాడు.

నాయిన ముప్పై ఏళ్ళుగా చెవితోనే బతుకుతున్నాడు. స్క్రూడ్రైవర్ కొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏది అరిగిందో చెప్తాడు. ఇప్పుడు షెడ్డుకి ఎలక్ట్రిక్ స్కూటర్లు వస్తున్నాయి. మొదట్లో వాటిని ముట్టుకునేవాడు కాదు. "చప్పుడే లేనిదానికి రోగం ఎట్ల తెలుస్తది?" అనేవాడు. నన్ను కంప్యూటర్ సైన్సులో చేరమన్నది కూడా అందుకే. "ఈ పని నాతోనే ఆఖరు బిడ్డా" అన్నాడు. నేను వినలేదు, మెకానికల్ తీసుకున్నాను. ఇప్పుడు ఫైనల్ ఇయర్లో ప్లేస్‌మెంట్ సెషన్‌కి వెళ్తే అక్కడ కూడా కోడింగ్ నేర్చుకోమనే చెప్తున్నారు. కాబట్టి ఇంజన్ ఉంటుందా పోతుందా అన్నది మా ఇంట్లో కారు కబురు ఒక్కటే కాదు.

పోయిన వేసవిలో నాయిన మల్టీమీటర్ కొన్నాడు. వాడటం నేను చూపించాను. వారం తర్వాత ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ వచ్చింది. మీటర్లో అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. నాయిన మీటర్ పక్కన పెట్టి, వెనక చక్రం చేత్తో తిప్పి, మోటార్‌కి స్క్రూడ్రైవర్ ఆనించి విన్నాడు. "బేరింగ్ పోయింది" అన్నాడు. విప్పి చూస్తే నిజంగానే పోయింది. పెట్రోల్ లేకపోయినా తిరిగేది ఏదో ఒకటి ఉంటుంది, తిరిగేది అరుగుతుంది.

ఇక నా అంచనా చెప్తాను. వచ్చే 911లో కూడా ఆరు సిలిండర్లు వెనకే ఉంటాయి, బ్యాటరీ కాస్త పెద్దదవుతుంది. తమ కార్లలో పూర్తి ఎలక్ట్రిక్ అయ్యే ఆఖరిది 911 అని కంపెనీవాళ్ళే చాలాసార్లు అన్నారు. ఆ రోజు వచ్చినప్పుడు అసలు చిక్కు బ్యాటరీ ఎక్కడ పెట్టాలన్నది. అందరిలా నేల కింద పరిస్తే సీటు పైకి లేస్తుంది, ఆ వంగిన కప్పు పాడవుతుంది. 2021లో చూపించిన మిషన్ ఆర్ రేసు కారులో బ్యాటరీని డ్రైవర్ వెనక పెట్టారు. నేనైతే 911లోనూ బరువు వెనక్కే తోస్తాను. అప్పుడు మలుపులో తోక మళ్ళీ సతాయిస్తుంది. అరవై ఏళ్ళుగా ప్రతి తరం ఇంజనీర్లూ ఆ తోకని కొత్తగా అదుపు చేస్తూ వచ్చారు. ఈసారి ఆ పని మోటార్ల టార్కుతో, కోడింగ్‌తో చెయ్యాలి. మాలాంటివాళ్ళు చెయ్యాలి.

కోర్ కంపెనీల లిస్టులో పేరు ఇచ్చాను. కోడింగ్ కూడా నేర్చుకుంటున్నాను. హెడ్‌లైట్లు ఎలా ఉండాలో మీరు గీసుకోండి.