విల్లా పార్క్‌లో అస్ర్ తరువాత

2006లో రంజాన్ మాసం సెప్టెంబరు చివరి వారంలో ప్రారంభమైంది. ఆ ఏడు ఆ నెలంతా అమెరికాలో, మా చెల్లెలి ఇంట గడిపే భాగ్యాన్ని అల్లాహ్ మాకు ప్రసాదించాడు. షికాగో నగరానికి పడమటి దిక్కున విల్లా పార్క్ అనే చిన్న పట్టణం ఉంది. ఇస్లామిక్ ఫౌండేషన్ వారి మస్జిదు, దానికి అనుబంధంగా పిల్లల పాఠశాల అక్కడ ఉండడం వల్ల హైదరాబాదు నుండి, కరాచీ నుండి వెళ్ళిన కుటుంబాలు ఆ పరిసరాలలో చాలా స్థిరపడ్డాయి. మన గుంటూరు, కర్నూలు వారు కూడా అక్కడక్కడ తారసపడతారు.

షికాగో చూసి వచ్చినవారు సాధారణంగా డెవాన్ అవెన్యూ గురించి వ్రాస్తారు. ఒకే వీధిలో ఒక భాగానికి గాంధీ పేరు, మరొక భాగానికి జిన్నా పేరు గౌరవార్థం పెట్టిన ఫలకాలను మేమూ చూశాము. జబీహా మాంసం దుకాణాలూ, నిహారీ వాసనా మేమూ ఎరుగుదుము. అయితే మా మనసులో నిలిచిపోయిన స్థలం అది కాదు, ఒక బర్గర్ల దుకాణం. మదరసాలో పాఠాలు చెప్పుకునేవారు వ్రాయవలసిన స్థలమేనా అని పాఠకులు నొసలు చిట్లించవచ్చు. కాస్త ఓపిక పట్టవలసిందిగా మనవి.

మా చెల్లెలి ఇంటికి దగ్గరలోనే ఇల్లినాయ్ ప్రెయిరీ పాత్ అనే కాలిబాట ఉంది. ఒకప్పుడు అది రైలు మార్గం. షికాగో నుండి అరోరా, ఎల్గిన్ పట్టణాలకు విద్యుత్తు రైళ్ళు నడిచేవట. 1957లో ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి. పట్టాలు తీసివేసిన ఆ నేలను తరువాతి దశాబ్దంలో ప్రజలు నడక కోసం, సైకిళ్ళ కోసం బాటగా మార్చుకున్నారు. పాత స్టేషను భవనం ఒకటి ఇప్పటికీ నిలిచి ఉంది. అక్టోబరు మొదటి రోజులలో ఆ బాటకు ఇరువైపులా చెట్ల ఆకులు పసుపుకూ ఎరుపుకూ తిరుగుతాయి. అస్ర్ నమాజు ముగించుకొని ఆ బాటలో తస్బీహ్ చదువుకుంటూ నడవడం మాకు అలవాటయింది. ఉపవాసపు చివరి ఘడియలలో అంతటి నిశ్శబ్దం మన పట్టణాలలో దొరకదు.

రంజాన్ మొదటి వారం గడిచాక ఒక రాత్రి తరావీహ్ నుండి తిరిగి వచ్చినప్పుడు చెల్లెలు వంటగదిలో గొంతు తగ్గించి చెప్పింది. "భాయీజాన్, వీడు రోజూ సాయంత్రం ఐదింటికి నడకకని వెళుతున్నాడు. వచ్చేసరికి కోటు నిండా వేపుడు నూనె వాసన. రోజా ఉన్నానంటాడు. వాళ్ళ నాన్నకు చెబితే గొడవ అవుతుంది. మీరొకసారి చూడండి."

మా మేనల్లునికి అప్పుడు పన్నెండేళ్ళు. నెలంతా ఉపవాసాలు ఉంటానని ఆ ఏడే మొదటిసారిగా పట్టుబట్టాడు. సహరీకి పిలవకముందే లేచేవాడు. అటువంటి పిల్లవాడు చాటుగా తింటున్నాడా? నమ్మబుద్ధి కాలేదు, నమ్మకుండా ఉండనూ లేకపోయాము. వాడిని కూర్చోబెట్టుకొని ప్రేమగా అడిగి ఉండవలసింది. మేము అడగలేదు, వెంబడించాము. మరునాడు వాడు బయలుదేరిన కొద్దిసేపటికి, చెట్ల నీడలలో దూరం పాటిస్తూ, అదే బాటలో నడిచాము. వాడు బాట వదిలి పెద్ద రోడ్డు మీదికి తిరిగాడు. మెక్‌డొనాల్డ్స్ దుకాణం తలుపు తోసుకొని లోపలికి వెళ్ళాడు.

ఆ సంస్థ ప్రధాన కార్యాలయం ఆ రోజులలో విల్లా పార్క్‌కు దక్షిణాన, ఓక్ బ్రూక్‌లోనే ఉండేది. 1955లో రే క్రాక్ తన మొదటి దుకాణం తెరిచిన డెస్ ప్లేన్స్ కూడా షికాగో శివారే. కనుక ఆ ప్రాంతంలో ఆ పసుపు కమానులు కనబడని రోడ్డు అరుదు. అయితే మా చెల్లెలి ఇంట అక్కడి తిండి తినరు. మాంసం జబీహా కాదన్నది ఒక కారణం. బంగాళాదుంపల వేపుడులో కూడా గొడ్డుమాంసపు సారం చేరుతుందన్న సంగతి 2001లో వ్యాజ్యాలకు దారితీయగా, 2002లో సంస్థ క్షమాపణ చెప్పి కోటి డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. పిల్లవాడికి ఇదంతా తెలుసు. అందుకే మా గుండె మరింత బరువెక్కింది.

అద్దపు గోడ వెనుక ఒక మూల బల్ల దగ్గర వాడు కూర్చొని ఉన్నాడు. బల్ల మీద ఏమీ లేదు, కాగితపు గ్లాసు కూడా లేదు. చేతిలో కళ్ళద్దాల పెట్టెలా తెరుచుకునే తెల్లని వస్తువు ఒకటి ఉంది. దానికి పైన ఒక తెర, కింద ఒక తెర. మేము లోపలికి వెళ్ళి ఎదుట నిలబడ్డాము.

"ఇక్కడేం చేస్తున్నావు బాబూ?"

"వైర్‌లెస్ కోసం వచ్చాను మామూజాన్. ఇక్కడ డీఎస్‌కి ఫ్రీ."

ఆ ఒక్క ముక్క అర్థం కావడానికి మాకు చాలాసేపు పట్టింది. ఆ వస్తువు పేరు నింటెండో డీఎస్, చేతిలో పట్టుకొని ఆడే ఆటపరికరం. 2005 నవంబరులో దానికి మారియో కార్ట్ అనే బండ్ల పందెం ఆట వచ్చింది. దూరాన ఉన్నవారు ఇంటర్నెట్ ద్వారా కలిసి ఆడుకోవచ్చు. అందరి ఇళ్ళలో వైర్‌లెస్ ఉండదు కనుక, నింటెండో వారు వేపోర్ట్ అనే సంస్థతో ఒప్పందం చేసుకొని, అమెరికాలోని వేలాది మెక్‌డొనాల్డ్స్ దుకాణాలలో ఈ పరికరానికి ఉచితంగా దారి తెరిచారు. అదే దుకాణంలో ల్యాప్‌టాప్ తెచ్చుకున్న పెద్దమనిషి ఇంటర్నెట్ కావాలంటే డబ్బు కట్టాలి. పిల్లవాడి ఆటబొమ్మకు మాత్రం సంకేతపదం కూడా అక్కరలేదు, తనంతట తానే కలుస్తుంది. ఇందులోని వ్యాపారం మాకు అర్థం కాకపోలేదు. ఆటకు వచ్చిన పిల్లవాడికి ఆకలి వేస్తుంది, పక్కనే వేపుడు వేగుతూ ఉంటుంది. వల వేసేవాడు గింజలు ఉచితంగానే చల్లుతాడు. 2009లో జపాన్‌లోని దుకాణాలలోనూ ఈ పరికరానికి ప్రత్యేక సేవ మొదలుపెట్టారంటే ఆ లెక్క తప్పలేదన్నమాటే.

"ఇంట్లో ఇంటర్నెట్ ఉంది కదా?" అని అడిగాము.

ఇంటి వైర్‌లెస్‌కు వాళ్ళ నాన్న డబ్ల్యూపీఏ అనే తాళం వేశాడట. ఈ పరికరానికి డబ్ల్యూఈపీ అనే పాత తాళం ఒక్కటే తెలుసు. పాత తాళం సులువుగా విరగొట్టవచ్చని కంప్యూటర్ చదువు చదివిన తండ్రికి తెలుసు, ఆఫీసు పనీ ఆ దారినే నడుస్తుంది. ఆట కోసం వీధి తలుపు గొళ్ళెం తీసి పెట్టమంటావా అని ఒకసారి కసిరాడట. ఆ మాటలో తప్పులేదు. పిల్లవాడు మళ్ళీ అడగలేదు, అదే ఇబ్బంది అయింది.

"ఎవరితో ఆడుతున్నావు?"

పొరుగింట ఉండిన కర్నూలు వారి అబ్బాయితో. ఆ వేసవిలో ఆ కుటుంబం టెక్సస్ రాష్ట్రంలోని హ్యూస్టన్‌కు తరలిపోయింది. ఇద్దరూ ఒకే తరగతి, ఖుర్ఆన్ పాఠం కూడా ఒకేచోట. ఇప్పుడు ఆ అబ్బాయి అక్కడ ఇటువంటి దుకాణంలోనే కూర్చుంటాడు. పన్నెండు అంకెల సంఖ్యలు ఒకరివి ఒకరు నమోదు చేసుకుంటేనే స్నేహితులు కలుస్తారు. ముక్కూ మొహం తెలియనివారు మాటలు కలిపే వీలు అందులో లేదని విని మాకు కొంత ఊరట కలిగింది. అసలు మాటలే లేవు. వారిద్దరి నడుమ నడిచేవి రెండు బొమ్మబండ్లు మాత్రమే.

"ఫోన్ చేసుకోవచ్చు కదా?"

"ఆదివారం చేస్తాము మామూజాన్. కానీ ఫోన్‌లో ఏం మాట్లాడాలో తెలియదు."

తెర మాకు చూపించాడు. ఆ ఆటలో బండి మీద ఎవరి చిహ్నం వారు గీసుకోవచ్చు, ఎదుటివారికి అది కనబడుతుంది. మావాడు నెలవంక గీసుకున్నాడు. హ్యూస్టన్ బండి మీద ఉన్నది మినారో ఖర్జూరపు చెట్టో మేము పోల్చుకోలేకపోయాము. పందెంలో ఒకరి మీద ఒకరు తాబేటి చిప్పలు విసురుకున్నారు. గెలుపు గీత దగ్గరకు వచ్చాక మినారు బండి ఆగింది. నెలవంక బండి వచ్చేవరకు అక్కడే నిలిచి ఉంది.

"వాడికి ఇఫ్తార్ మనకంటే అరగంట ఆలస్యం, పాపం," అన్నాడు మావాడు, తెర మీద నుండి కళ్ళు తీయకుండానే.

ఇటువంటి ఆటలంటే మాకు ఇష్టం లేదు. రంజాన్ సాయంత్రాలు దువాకు విలువైనవి, అవి తిరిగి రావు. ఆ మాట అప్పుడూ చెప్పాము, ఇప్పుడూ అదే చెబుతాము. కానీ ఆ రోజు మా ముందున్న మసలా వేరు. ఏమీ కొనకుండా ఒకరి దుకాణంలో కూర్చొని, వారి వైర్‌లెస్ వాడుకోవచ్చునా?

హనఫీ ఫిఖహ్‌లో తమ్లీక్, ఇబాహత్ అని రెండు మాటలు ఉన్నాయి. తమ్లీక్ అంటే వస్తువును సొంతం చేసి ఇవ్వడం. ఇబాహత్ అంటే వాడుకోవడానికి అనుమతి మాత్రమే ఇవ్వడం. విందులో అతిథి ముందు ఉంచిన అన్నం అతిథి సొత్తు కాదు, తినడానికి అనుమతి ఉంది, అంతే. యజమాని సమ్మతి లేకుండా దానిని మూట కట్టుకుపోకూడదు, వాకిట నిలిచిన యాచకునికి తీసి ఇవ్వనూ కూడదు. ఈ వైర్‌లెస్ కూడా ఆ కోవకే వస్తుందని మాకు తోచింది. ఆ పరికరం ఉన్నవారికి ఆ సంస్థలే అనుమతి ఇచ్చాయి, కనుక దోషం లేదు. కుర్చీ సంగతి వేరు. అది కొనేవారి కోసం వేసిన కుర్చీ. జనం వచ్చే వేళ గంటసేపు దానిని ఆక్రమించడం సబబు కాదు. పిల్లవాడికి ఇలా విడమరచి చెబితే శ్రద్ధగా విన్నాడు. మదరసాలో మా విద్యార్థులు ఈ భేదాన్ని అంత త్వరగా గ్రహించిన గుర్తు లేదు.

అందుచేత మేమే వరుసలో నిలబడి ఒక నారింజ రసం సీసా కొన్నాము. మూత తీయకుండా ఇఫ్తార్ కోసం కోటు జేబులో పెట్టుకున్నాము. ఆ తరువాత కూడా నాలుగైదు సాయంత్రాలు వాడికి తోడు వెళ్ళాము. ప్రతిసారీ ఒక సీసా.

ఒక శనివారం ఒకరింట ఇఫ్తార్‌కు పిలిచారు. మగ్రిబ్ అయ్యాక శనగలు, పకోడీలు తింటూ ఉండగా ఒక పెద్దమనిషి మా పక్కకు జరిగి, నవ్వుతూనే అడిగాడు. "మౌలానా సాహెబ్, మొన్న సాయంత్రం మిమ్మల్ని మెక్‌డొనాల్డ్స్ వరుసలో చూశామని కొందరు అంటున్నారు. ప్రయాణికులకు సడలింపు ఉంది లెండి."

గడ్డం, టోపీ, షేర్వానీ ఉన్న మనిషి రంజాన్ పగటివేళ బర్గర్ల దుకాణంలో ఏమి కొంటున్నాడని చూసినవారు అనుకోవాలి? వారి తప్పు కూడా పూర్తిగా అనలేము. కానీ ఆ 'కొందరు' అన్న మాట లోపల గుచ్చుకుంది. ఎంతమంది? ఎన్ని ఇళ్ళలో? సంగతి వివరించాము. ఆయన తల ఊపాడు. నమ్మాడో లేదో తెలియదు. ఆ రాత్రి తరావీహ్‌లో మా మనసు నిలవలేదు, పడుకున్నాక నిద్రా పట్టలేదు.

నిద్ర పట్టని ఆ వేళ సూరా హుజురాత్ గుర్తుకు వచ్చింది. పన్నెండవ ఆయతులో అల్లాహ్ మూడు పనులను వరుసగా వారించాడు: అనుమానం, ఇతరుల రహస్యాలు కూపీ లాగడం, చాటున చెడు చెప్పుకోవడం. మూడింటికీ ఆ వరుస ఎందుకో మా గురువులు మాకు చెప్పారు, ఏళ్ళ తరబడి మేమూ విద్యార్థులకు చెబుతూ వచ్చాము. మొదటిది రెండవదానికి తలుపు, రెండవది మూడవదానికి. ఎవరో మమ్మల్ని చూసి అనుమానించి, చాటున చెప్పుకున్నందుకు మేము నొచ్చుకుంటున్నాము. చెట్ల నీడలలో పిల్లవాడి వెంటపడినది మేమే కదా!

మరునాడు సహరీ తరువాత వాడిని పిలిచి, మొదటి రోజు నిన్ను నమ్మక వెనుకే వచ్చాము, మమ్మల్ని మాఫ్ చేయమని అడిగాము. వాడు సిగ్గుపడి తల దించుకున్నాడు.

"తెలుసు మామూజాన్. దుకాణం అద్దంలో మీ టోపీ కనబడింది. మీరు లోపలికి వస్తారా రారా అని చూస్తూ ఉన్నాను."

చెల్లెలికి విషయం మేమే చెప్పాము. కొడుకు కోటును దగ్గరకు తీసుకొని ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంటి వైర్‌లెస్ తాళం మార్చడానికి వాళ్ళ నాన్న చివరి వరకు ఒప్పుకోలేదు. అయితే పండుగకు ముందు వచ్చిన రెండు ఆదివారాలు తానే కొడుకుతో ఆ బాట వెంట నడిచి వెళ్ళాడు. ఇఫ్తార్ వేళకు ఇద్దరూ తలా ఒక నారింజ రసం సీసాతో తిరిగి వచ్చారు.

2010 జనవరిలో మెక్‌డొనాల్డ్స్ సంస్థ అమెరికాలోని తన దుకాణాలలో చాలావాటిలో వైర్‌లెస్ అందరికీ ఉచితం చేసింది. ల్యాప్‌టాప్ పెద్దమనిషి కూడా అప్పటి నుండి డబ్బు కట్టనక్కరలేకపోయింది. డీఎస్ పరికరాన్ని దూరాన ఉన్నవారితో కలిపే సేవను నింటెండో వారు 2014 మే 20న నిలిపివేశారు. అప్పటికి మా మేనల్లుడు కళాశాల విద్యార్థి.

మేము విల్లా పార్క్ నుండి బయలుదేరిన రోజున, మీరు కూడా ఎప్పుడైనా ఆడతారేమో మామూజాన్ అంటూ, వాడు తన పన్నెండు అంకెల సంఖ్యను మా డైరీలో వ్రాసి ఇచ్చాడు. సహరీ వేళల పట్టిక ఉన్న పుటలోనే, అంచున, నాలుగేసి అంకెలుగా విడదీసి వ్రాశాడు. పక్కన చిన్న నెలవంక గీశాడు.