మూడు గాట్లు

అమలాపురం దాటి కాలవగట్టు దిగేసరికే పెంకులు దించేశారు. ఇల్లు చూద్దామని వెళ్లాను. ఇల్లు ఇప్పడం చూశాను. కప్పు తీసేస్తే మండువా లోగిలి ఎంత చిన్నదైపోతుందో!

"లోపలికి రాకండి బాబూ, వాసం జారుద్ది!" పైనుంచి వడ్రంగి కేకేశాడు. అరుగు మీదే కూర్చున్నాను.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక వరి డబ్బు కళ్లజూసిన డెల్టాలో లేచిన ఇళ్ల తరహా ఇది. నాలుగు వైపులా వసారాలు, నడుమ ఆకాశం. వానొస్తే మూలల నుంచి ధారలు కట్టేవి. కింద గంగాళాలు పెట్టేవారు, మిగతా నీళ్లు తూములోంచి దొడ్లోకి పోయేవి. కలప బర్మా టేకని ప్రతి ఇంటివాళ్లూ చెప్పుకుంటారు. అంతా రంగూన్ నుంచి ఓడెక్కి రాలేదు లెండి. మన్యం టేకు కూడా తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రికి దించేవారు.

గోడలేమీ పాడవలేదు. వాటాదారులు ఐదుగురు, మండువా ఒకటి. ఆకాశాన్ని ఐదు ముక్కలు ఎలా చేస్తారు? పైగా పెంకు తిరగేసే మనిషి దొరకడు. "ఉంచితే ఖర్చు, ఇప్పితే డబ్బు" అన్నారు వాళ్లలో ఒకాయన. కాదనలేకపోయాను. అక్కడ ఒక్క వర్షాకాలమైనా గడపని నాకు ఆ ఇంటి మీద మమకారం తేలికే. స్తంభాలు ఏదో రిసార్టుకట. కాఫీ తాగడానికి మనకి మండువా కావాలి, కాపురానికి అక్కర్లేదు.

వడ్రంగి ఒక దూలం దించి దాని చివర చూపించాడు. ఒక్క మేకు లేదు. కొసని నాలుకలా చెక్కి, స్తంభం తలలోని బెజ్జంలో కూర్చి, అడ్డంగా కర్రసీల కొట్టారు. ఆ నాలుక పక్కన ఉలితో పెట్టిన మూడు సన్నటి గాట్లు. స్తంభం బెజ్జం దగ్గర వేలితో దుమ్ము తుడిచాడు. అక్కడా మూడే.

"ఏ దూలం ఏ స్తంభానిదో గుర్తండి. ముందు నేల మీద కూర్చి చూసుకుని, ఇప్పి, అప్పుడు పైన బిగించేవోరు. మా తాతలనాటి పని."

పక్క స్తంభానికి నాలుగు, ఆ తర్వాతదానికి ఐదు.

"మీరూ సుద్దతో అంకెలు వేస్తే మళ్లీ ఎక్కడైనా నిలబెట్టొచ్చుగా?"

నవ్వాడు. "కొన్నోళ్లు వేరేవేరండి."

సాయంత్రం రెండు లారీలొచ్చాయి. మూడు గాట్ల స్తంభం రిసార్టు లారీ ఎక్కింది. మూడు గాట్ల దూలాన్ని పలకలు కోయించడానికి అడితికి తీసుకుపోయారు.